సొరుగులో పడున్న రాస్ప్‌బెర్రీ పైలు: మీ ఇంట్లో నిజంగా నడుస్తున్నవే చెప్పండి

మధు_కగ్గదాసపుర | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. బెంగళూరులోనే మారతహళ్లి నుంచి కగ్గదాసపురకి ఇల్లు మారుతున్నాం. సామాను సర్దుతుంటే టీవీ కింద సొరుగులో ఒక రాస్ప్‌బెర్రీ పై 3బి ప్లస్ (జేబులో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు), దానికంటే చిన్నదైన ఒక జీరో డబ్ల్యూ, ఒక బ్రెడ్‌బోర్డు, గుప్పెడు జంపర్ వైర్లు బయటపడ్డాయి. 3బి ప్లస్ వచ్చిన కొత్తలో, 2018లో కొన్నాను. మొదటి నెల రెట్రోపై వేసి పాత వీడియో గేములు ఆడాం. తర్వాత ఒక ఎల్ఈడీ వెలిగించాను. ఆ తర్వాత సొరుగే. జీరో డబ్ల్యూ ఎందుకు కొన్నానో నాకే గుర్తు లేదు. చవగ్గా ఉందని కొనుంటాను.

మా ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని "ఇది చెత్తలోకా, పెట్టెలోకా?" అంది. పెట్టెలోకే అన్నాను గానీ ఎందుకో చెప్పలేకపోయాను.

నెట్‌లో వెతికితే పైతో చేయగల వంద పనులు అంటూ జాబితాలు వస్తున్నాయి. అవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం చేసి వదిలేసేవి. మీ ఇంట్లో ఆరు నెలలు దాటి ఆగకుండా నడుస్తున్నది ఏదైనా ఉంటే చెప్పండి. నాకు కోడింగ్ వచ్చు, సోల్డరింగ్ రాదు. కొత్త ఇల్లు రెండో అంతస్తులో, ఓనర్లు కింద ఉంటారు. నంద్యాల నుంచి మా నాన్నగారు వచ్చి మాతోనే ఉంటున్నారు.

---

గుంటూరు_గిరి | శనివారం, రాత్రి 10:52

పై-హోల్ వెయ్యన్నా, ఇంట్లో యాడ్లు ఆపే ప్రోగ్రాం, ఇంకేం ఆలోచించకు. జీరో డబ్ల్యూ చాలు. రౌటర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరు చెబితే దాని నెట్ అడ్రసు ఇచ్చేది) అడ్రసుగా దాని ఐపీ ఇస్తే ఇంట్లో ఏ ఫోనుకీ, టీవీకీ ప్రకటనలిచ్చే సైట్ల అడ్రసులు దొరకవు. మా ఇంట్లో రెండేళ్లుగా నడుస్తోంది. యూట్యూబ్ యాడ్లు మాత్రం పోవు. వీడియోలు వచ్చే చోటు నుంచే అవీ వస్తాయి, పేరు చూసి ఆపడం కుదరదు.

---

బీటీఎం_భాస్కర్ | శనివారం, రాత్రి 11:15

గిరి చెప్పింది నిజమే. మిగతా సగం నేను చెప్తాను.

పోయిన సంక్రాంతికి నేను ముందు బయల్దేరాను. బస్సు చిక్కబళ్లాపూర్ దాటింది. ఇంట్లో మా ఆవిడకి ఇంకో గంట ఆఫీసు పని ఉంది. కరెంటు రెండు సార్లు పోయి వచ్చింది. పై లేవలేదు, దాని మెమరీ కార్డు పోయింది. ఇంట్లో డీఎన్ఎస్ మొత్తం దాని మీదే కదా! వైఫై నిండుగా చూపిస్తోంది, ఒక్క పేజీ తెరుచుకోదు.

ఫోన్ వచ్చింది. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డీఎన్ఎస్ మార్చమన్నాను. "పాస్‌వర్డ్?" అంది. "రౌటర్ కిందే రాసుంటుంది" అన్నాను. "అది నువ్వే మార్చావు కదా" అంది. నిజమే, మార్చాను. ఏమని మార్చానో గుర్తు రావడానికి బాగేపల్లి దాకా పట్టింది.

అప్పట్నుంచి మా ఇంట్లో నెట్ కాస్త మెల్లగా నడిచినా "నీ డబ్బా ఏమైనా చేసిందా?" అని మొదటి ప్రశ్న. రౌటర్‌లో రెండో డీఎన్ఎస్‌గా బయటిది ఇస్తే సరిపోతుంది అనుకోకండి. ఫోన్లు, కంప్యూటర్లు తమకి తోచినప్పుడు ఆ రెండోదాన్నే అడుగుతాయి, యాడ్లు మళ్లీ వస్తాయి. రెండు బోర్డుల మీద రెండు పై-హోల్‌లు పెట్టుకోవడమే దారి. నేను అంత దూరం వెళ్లలేదు. ఇప్పుడు నా ల్యాప్‌టాప్, నా ఫోన్ మాత్రమే దాని గుండా పోతాయి. ఇంటిల్లిపాదినీ దాని మీద ఆధారపడేలా చేయకండి.

---

ఎస్పీరోడ్డు_శీను | ఆదివారం, ఉదయం 7:05

భాస్కర్ గారూ, మీ కార్డు చావులో పై-హోల్ తప్పు సగమే. నేను పదేళ్లుగా ఈ బోర్డులతో కుస్తీ పడుతున్నాను. పై చెడిపోయింది అని నా దగ్గరికి తెచ్చినవాటిలో బోర్డు నిజంగా చెడిపోయినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం కార్డు, లేదంటే చార్జర్.

ముందు చార్జర్. మధు గారి 3బి ప్లస్‌కి 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్లు ఇచ్చేది కావాలి. పాత ఫోన్ చార్జర్ మీద 2 ఆంపియర్లు అని రాసున్నా, సన్నటి పొడుగు కేబుల్‌లో వోల్టేజ్ పడిపోతుంది. బోర్డు దగ్గర 4.63 వోల్టుల కిందకి దిగితే స్క్రీన్ మూల పసుపు మెరుపు గుర్తు వస్తుంది. స్క్రీన్ లేకుండా నడిపేవాళ్లకి అది కనపడదు. ఏం తెలియకుండానే వైఫై తెగుతూ, కార్డు పాడవుతూ ఉంటుంది. ముందు చార్జర్ మార్చి చూడండి, ఆ తర్వాతే కోడ్‌లో తప్పులు వెతకండి.

తర్వాత కార్డు. లాగ్‌లు, అంటే ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు, క్షణం తీరిక లేకుండా రాస్తూ ఉంటే, రాస్తున్న ఆ క్షణంలోనే కరెంటు పోతే ఫైళ్లు చెడతాయి. లాగ్‌లను ర్యామ్‌లో ఉంచి అప్పుడప్పుడు మాత్రమే కార్డు మీదకి దించే ఏర్పాటు చేసుకోండి. మార్పులేవీ అక్కర్లేని పని అయితే ఓవర్‌లే పెట్టేయండి, కార్డు మీద అసలు రాయదు. కారు డ్యాష్‌కెమెరాల కోసం అమ్మే హై ఎండ్యూరెన్స్ కార్డులు కొంచెం ఖరీదే అయినా ఎక్కువ కాలం వస్తాయి.

ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో తిరిగేవాళ్లకి ఇంకో మాట. చవగ్గా వస్తోందని విడి కార్డు కొన్నారా, ఇంటికి రాగానే ఎఫ్3 అనే టూల్‌తో పరీక్షించండి. నేనోసారి 64 జీబీ అని తెచ్చింది లోపల 8 జీబీనే. పైకి 64 అని చూపిస్తుంది, 8 దాటాక రాసిందల్లా గాల్లోకి. ఆదివారం వెళ్లకండి, అక్కడ చాలా షాపులు మూసే ఉంటాయి.

---

మధు_కగ్గదాసపుర | ఆదివారం, ఉదయం 8:20

శీను గారూ, నేను వాడింది ఫోన్ చార్జరే. మెరుపు గుర్తు కూడా చూశాను. వేగంగా నడుస్తోందనడానికి గుర్తేమో అనుకున్నాను 😀

---

సంపు_సుబ్బు | ఆదివారం, ఉదయం 9:30

మాది మూడంతస్తుల ఇల్లు. కింద సంపు, మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. మోటారు వేసి మరిచిపోవడం మా ఇంటి ఆచారం. తొరెకాడనహళ్లి నుంచి దాదాపు 100 కిలోమీటర్లు పంపు చేసుకుంటూ వచ్చిన కావేరి నీళ్లు, మా మేడ మీద నుంచి కాలవలోకి పోతుంటే చూడలేకపోయాను. మొదలు అక్కడ.

మొదట శబ్దంతో దూరం కొలిచే మామూలు అల్ట్రాసోనిక్ సెన్సర్‌ని ట్యాంకు మూతకి లోపలివైపు బిగించాను. మూడు వారాల్లో తేమకి తుప్పు పట్టింది. తర్వాత నీటికి తట్టుకునే రకం తెచ్చాను, కారు వెనక బంపర్‌లో ఉండేదానిలా ఉంటుంది. దాంతో ఒక చిక్కు. 20, 25 సెంటీమీటర్ల కంటే దగ్గర ఉన్నదాన్ని అది చూడలేదు. ట్యాంకు నిండేకొద్దీ నీళ్లు ఆ గుడ్డి జాగాలోకి వచ్చి, నిండిన ట్యాంకుని ఖాళీ అని చూపించింది. మోటారు ఆగలేదు. ఆ రోజు కింద పోర్షన్ వాళ్ల బట్టలు మళ్లీ ఉతకాల్సి వచ్చింది. ఒక పైపు ముక్క పెట్టి సెన్సర్‌ని మూత కంటే ఎత్తులో నిలబెట్టాక కుదిరింది.

ఇంకోటి. శబ్దం వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని కొలవాలి కదా, పై మీద లైనక్స్ నడుస్తుంది, వేరే పనిలో ఉంటే ఆ కొలత కాస్త అటూఇటూ అవుతుంది. అందుకని 11 సార్లు కొలిచి, వరసలో పెట్టి, మధ్యది తీసుకుంటాను. సగటు తీస్తే ఒక్క పిచ్చి కొలత అంతా చెడగొడుతుంది.

అసలు లాభం నేను అనుకోని చోట వచ్చింది. రోజూ గ్రాఫ్ గీయించుకునేవాణ్ణి. రాత్రి 2 నుంచి 4 మధ్య, అందరూ నిద్రపోతున్నప్పుడు, మట్టం గంటకి ఒక సెంటీమీటరు చొప్పున దిగుతోంది. మా ట్యాంకులో సెంటీమీటరంటే తొమ్మిది పది లీటర్లు. నెలకి లెక్కేస్తే ఆరున్నర వేల లీటర్లు దాటుతుంది, ఒక చిన్న ట్యాంకర్ లోడు. వెతికితే మొదటి అంతస్తులో ఒక ఫ్లష్ ట్యాంక్ వాల్వు సన్నగా కారుతోంది. చప్పుడు లేదు, చెమ్మ లేదు. వాషర్ మార్చాక గ్రాఫ్ రాత్రంతా తిన్నగా గీత గీసినట్టు ఉంది. ఆ గీతను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను.

---

హెబ్బాళ_హరిణి | ఆదివారం, ఉదయం 10:10

సుబ్బు గారూ, గ్రాఫ్ కథ చాలా బాగుంది. కానీ ఈ పనికి పై ఎందుకండీ? ఈఎస్పీ32 అనే చిన్న వైఫై చిప్పు బోర్డు ఒక్కటి చాలు. బూట్ అవ్వక్కర్లేదు, కార్డు లేదు, కరెంటు వందసార్లు పోయినా క్షణంలో లేస్తుంది. కెమెరా, ఫైళ్లు, డేటాబేస్, పెద్ద పైథాన్ లైబ్రరీలు కావాలంటే పై. ఒక సెన్సర్ చదివి ఒక మాట పంపడానికి ఈఎస్పీ లాంటి మైక్రోకంట్రోలర్, అంటే ఒకే పనికి వాడే చిన్న చిప్పు. పికోకి కూడా రాస్ప్‌బెర్రీ పేరే ఉంది గానీ అది 264 కేబీ ర్యామ్ ఉన్న మైక్రోకంట్రోలర్. 2021లో 4 డాలర్లకి వచ్చింది. చాలామంది దాన్ని చిన్న పై అనుకుని కొని, స్క్రీన్ ఎక్కడ తగిలించాలి అని అడుగుతుంటారు.

---

సంపు_సుబ్బు | ఆదివారం, ఉదయం 10:25

ఒప్పుకుంటాను మేడమ్. ఇప్పుడు మేడ మీద ఉన్నది ఈఎస్పీనే. పై హాల్లో కూర్చుని అంకెలు తీసుకుని గ్రాఫ్ గీస్తుంది.

---

పెన్షన్_పెద్దాయన | ఆదివారం, ఉదయం 11:00

నేను ముప్పై ఏళ్లు ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాను. పిల్లలు మాట్లాడుకుంటుంటే వింటున్నాను, ఒక్క మాట.

ట్యాంకు నిండిందా లేదా తెలియడానికి కంప్యూటరూ వద్దు, ఈఎస్పీ వద్దు. లోపల అయస్కాంతం ఉన్న ఫ్లోట్ స్విచ్ వంద, రెండొందలకి దొరుకుతుంది. నీళ్లు పైకి రాగానే స్విచ్ కలుస్తుంది. ఒక బ్యాటరీ, ఒక బజర్. అయిపోయింది. మా ఇంట్లోది బ్యాటరీ మార్చడం తప్ప నన్ను ఏమీ అడగలేదు.

మోటారును ఆటోమేటిక్‌గా ఆపాలనుకునేవాళ్లు జాగ్రత్త. బోర్డు చెప్పినప్పుడు కలిసే స్విచ్‌ని రిలే అంటారు. నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు అని రాసుంటుంది, నమ్మొద్దు. ఒక హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు ఆరేడు ఆంపియర్లే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ రిలే లోపల కాంటాక్టులు అతుక్కుపోతాయి. మీ కోడ్ ఆపమంటుంది, మోటారు ఆగదు. రిలేతో కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్‌ని నడపండి, కాంటాక్టర్ మోటారుని నడుపుతుంది. 230 వోల్టుల పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. సోల్డరింగ్ రాదన్న అబ్బాయి అసలు ముట్టుకోవద్దు.

---

థర్డ్_ఇయర్_తరుణ్ | ఆదివారం, ఉదయం 11:40

అన్నా, నేను అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎకో పిన్‌ని (కొలతను తిరిగి పంపే కాలు) తిన్నగా పై బోర్డుకి కలిపాను. ఇప్పుడు ఆ పిన్ పనిచేయట్లేదు. బోర్డు పోయినట్టేనా? ప్రాజెక్ట్ రివ్యూ గురువారం. ఫుల్ టెన్షన్.

---

హెబ్బాళ_హరిణి | ఆదివారం, ఉదయం 11:48

ఆ సెన్సర్ 5 వోల్టులు తిరిగి పంపుతుంది తమ్ముడూ. పై పిన్నులు 3.3 వోల్టులకి మించి ఓర్చుకోలేవు. ఆ పిన్ పోయింది, మిగతావి బతికుంటే అదృష్టమే. వేరే పిన్‌కి మార్చు. ఎకో తీగకి 1 కిలో ఓమ్, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ పెట్టి, ఆ రెండూ కలిసే చోటు నుంచి పై పిన్‌కి తీసుకో. 3.3 దగ్గరకి దిగుతుంది. గురువారానికి అయిపోతుంది, కంగారు పడకు.

---

జయనగర్_జానకి | ఆదివారం, మధ్యాహ్నం 3:20

మా ఇంట్లో రెండున్నరేళ్లుగా నడుస్తున్నది ఒకటుంది. ఆపితే మా అత్తయ్యగారు ఊరుకోరు. పంచాంగం ఫ్రేము.

జీరో డబ్ల్యూ, ఏడున్నర అంగుళాల ఈ-ఇంక్ తెర, చుట్టూ పాత ఫొటో ఫ్రేము. దేవుడి గది పక్కన తగిలించాం. తెల్లవారుజామున నాలుగింటికి ఒక్కసారి మారుతుంది: తిథి, నక్షత్రం, సూర్యోదయం, రాహుకాలం, వర్జ్యం. కాగితంలా ఉంటుంది, వెలుతురు కొట్టదు, కరెంటు పోయినా మీద ఉన్న అక్షరాలు అలాగే నిలిచి ఉంటాయి. మారేటప్పుడు మాత్రం నాలుగైదు సెకన్లు నల్లగా తెల్లగా మిణుకుమంటుంది. మొదటిసారి చూసి అత్తయ్యగారు "పాడైపోయిందే!" అన్నారు.

తిథి లెక్క నేననుకున్నంత కష్టం కాదు. చంద్రుడు సూర్యుణ్ణి ఎన్ని డిగ్రీలు దాటి ఉన్నాడో చూసి 12తో భాగించడమే. మొదటి 12 డిగ్రీలు పాడ్యమి, తర్వాతి 12 విదియ, అలా 30 తిథులు. చంద్రుడి వేగం ఒకేలా ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటల్లోనూ అయిపోవచ్చు, 26 గంటలూ సాగొచ్చు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి అదే. గ్రహాల స్థానాలకి స్కైఫీల్డ్ అనే పైథాన్ లైబ్రరీ, 17 ఎంబీ ఫైలు ఒకటి. 2050 దాకా సరిపోతుంది. తిథికి అయనాంశతో (ఖగోళ లెక్క మొదలుకీ, పంచాంగం రాశిచక్రం మొదలుకీ ఉన్న తేడా) పని లేదు, ఎందుకంటే రెంటి తేడాయే కదా కావలసింది. నక్షత్రం దగ్గరికి వచ్చాక అయనాంశ తీసేయాలి. అది మరిచిపోయి మొదటి వారమంతా నక్షత్రాలు దాదాపు రెండు ముందుకి చూపించాను. అత్తయ్యగారు చేత్తో పట్టుకున్న పంచాంగం పుస్తకం పక్కన పెట్టి, నా వైపు చూసి ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

రాహుకాలం దగ్గర నేనే గెలిచాను. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని అందరికీ కంఠతా వచ్చు. అది ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి కుంకితే. పగటిని ఎనిమిది భాగాలు చేసి సోమవారం రెండో భాగం తీసుకోవాలి. జనవరి మొదట్లో బెంగళూరులో సూర్యోదయం 6:40 దాటుతుంది, పగలు పదకొండుంబావు గంటల పైచిలుకు. అప్పుడు రాహుకాలం ఎనిమిది దాటాక మొదలై తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. అత్తయ్యగారు కాగితం మీద లెక్కేసి చూసి, "మరి ఇన్నేళ్లూ?" అన్నారు.

వీటన్నిటికంటే నన్ను ఏడిపించింది తెలుగు అక్షరాలు. పైథాన్‌లో బొమ్మ మీద తెలుగు రాయిస్తే వత్తులన్నీ విడిపోయి పక్కపక్కన కూర్చున్నాయి. "పౌర్ణమి"లో ణ వత్తు కిందకి దిగదు, ర మీద పొల్లు, పక్కన ణ. ఫాంటు మార్చాను, మళ్లీ మార్చాను, నాలుగు ఫాంట్లు అయ్యాయి. తప్పు ఫాంటుది కాదు. పిల్లో లైబ్రరీకి అక్షరాలు కలిపి పేర్చడం దానంతట దానికి రాదు, లిబ్‌రాక్మ్ అనేది తోడుండాలి. అది ఇన్‌స్టాల్ చేసి మళ్లీ నడిపితే పౌర్ణమి పౌర్ణమిలా వచ్చింది. తెలుగుతో ఏ బోర్డు మీద ఏం చేసేవాళ్లయినా ఇది గుర్తుపెట్టుకోండి, రెండు వారాలు మిగులుతాయి.

---

రాజాజీనగర్_రమణ | ఆదివారం, సాయంత్రం 4:05

జానకి గారూ, చాలా బాగుంది. కానీ మీ సూర్యోదయం బింబం అంచు కనపడేదా, మధ్య భాగమా? వాతావరణం వల్ల వెలుతురు వంగడాన్ని కలిపారా? ఆ రెంటికీ కలిపి మూడు నిమిషాల పైన తేడా వస్తుంది. పైగా మీది దృక్ లెక్క, ఆకాశంలో కనపడే స్థానాలతో చేసేది. మా ఇంట్లో పాత పద్ధతి పంచాంగం, ఏకాదశి ఒక్కోసారి వేరే రోజు వస్తుంది.

---

జయనగర్_జానకి | ఆదివారం, సాయంత్రం 4:30

అంచు, వంపు రెండూ కలిపాను రమణ గారూ. మా అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి "మాకు పన్నెండు నిమిషాలు ముందే కదా" అంటుంది. మూడు డిగ్రీల రేఖాంశం తేడా, తప్పదు. ఏకాదశి సంగతి ఇంట్లో పెద్దవాళ్లకే వదిలేశాను.

---

రాజాజీనగర్_రమణ | ఆదివారం, సాయంత్రం 4:41

వదిలేస్తే ఎలా అండీ, సిద్ధాంతం అంటూ ఒకటి ఉంటుంది కదా.

---

నిర్వాహకుడు | ఆదివారం, సాయంత్రం 5:15

దృక్, పూర్వ పద్ధతుల మీద ఆ తర్వాత వచ్చిన 14 జవాబులు వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ బోర్డుల గురించే మాట్లాడదాం.

---

దోసెల_దీప్తి | ఆదివారం, రాత్రి 8:10

నాది వంటింటి ప్రాజెక్టు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ ఇడ్లీ పిండి పులవదు. నెల్లూరులో ఒక్క రాత్రిలో గిన్నె దాటి పొంగే పిండి ఇక్కడ పొద్దునకి రుబ్బినట్టే ఉంటుంది. థర్మాకోల్ పెట్టె, లోపల 40 వాట్ల పాతకాలం బల్బు, నీటికి తట్టుకునే డీఎస్18బి20 ఉష్ణోగ్రత సెన్సర్. 30 డిగ్రీల కిందకి వస్తే బల్బు వెలుగుతుంది, 32 దాటితే ఆరుతుంది. బల్బు థర్మాకోల్‌కి తగలకుండా స్టీలు జాలీ పెట్టాను.

సెన్సర్ సరిగ్గా చూపిస్తోందా అని మరిగే నీళ్లలో ముంచితే 97 అంది. చెడిపోయిందని ఇంకోటి తెచ్చాను, అదీ 97. తప్పు నాదే. బెంగళూరు 900 మీటర్ల ఎత్తు మీద ఉంది, ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. గాలి పీడనం కొలిచే సెన్సర్ కొన్నవాళ్లకి కూడా ఇదే మాట: పుస్తకంలో 1013 మిల్లీబార్లు అని చదివి, మీది 910 చూపిస్తోందని వెనక్కి పంపకండి.

---

వైట్‌ఫీల్డ్_వంశీ | ఆదివారం, రాత్రి 9:00

అందరూ కోప్పడతారేమో గానీ, ఇప్పుడు పై కొనడం దండగ. పెట్టె, చార్జర్, కార్డు, ఫ్యాన్ కలిపితే పాత ఆఫీసు మినీ పీసీ ధరకి దగ్గరగా పోతోంది. ఆ పీసీలో ఎస్ఎస్‌డీ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఏదైనా ఎక్కుతుంది. 2021, 22లలో చిప్పుల కొరత వచ్చినప్పుడు పై దొరక్క రెట్టింపు ధరలు పెట్టారు జనం. అప్పుడే నేను మారిపోయాను. సినిమాలు, ఫొటోల బ్యాకప్ లాంటివి పెట్టుకునేవాళ్లు పై జోలికి పోకండి.

---

ఎస్పీరోడ్డు_శీను | ఆదివారం, రాత్రి 9:20

ఫొటోల విషయంలో మీతో నేనూ ఉన్నాను వంశీ. కానీ మధు కొత్తది కొనట్లేదు, సొరుగులోది తీస్తున్నాడు. పైగా కరెంటు లెక్క చూడు. రోజంతా నడిచే పై 3 వాట్లంటే నెలకి రెండు యూనిట్లు. మినీ పీసీ ఖాళీగా ఉన్నా 10 వాట్లు అనుకో, ఏడు యూనిట్లు. మంచం కింద ఉన్న పాత డెస్క్‌టాప్‌నే సర్వర్ చేస్తానంటారు కొందరు, అది 60 వాట్లు తాగితే నెలకి 43 యూనిట్లు.

---

పెన్షన్_పెద్దాయన | సోమవారం, ఉదయం 6:30

ఫ్లోట్ స్విచ్ చాలన్నానని నాకు ఈ బోర్డులంటే పడదనుకోకండి. మొదటి పై 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకి వచ్చింది. దాని పుట్టినరోజు నాలుగేళ్లకోసారే. మా అబ్బాయి తెచ్చిపెట్టిన పై 4 నా దగ్గర ఉంది. దాంతో విమానాలు చూస్తాను.

దాదాపు ప్రతి ప్రయాణికుల విమానమూ తన చోటు, ఎత్తు, వేగం 1090 మెగాహెర్ట్జ్ మీద చెప్పుకుంటూ పోతుంది. ఐరోపాలో డిజిటల్ టీవీ చూడటానికి చేసిన యూఎస్‌బీ డాంగిల్ ఒకటి ఉంది, ఆర్‌టీఎల్ చిప్ ఉన్నది. దాన్ని పై బోర్డుకి గుచ్చితే ఆ మాటలు వినపడతాయి. యాంటెన్నా నేనే చేసుకున్నాను. 1090కి పావు తరంగం 6.9 సెంటీమీటర్లు. ఒక రాగి తీగ నిలువుగా, నాలుగు కిందకి వంచి, అంతే. కిటికీ దగ్గర పెడితే దేవనహళ్లి విమానాశ్రయం వైపు వెళ్లేవే కనపడేవి. మేడ మీదకి మార్చాక హోసూరు అవతల నుంచి వచ్చేవీ తెలుస్తున్నాయి. చూపుకి అడ్డం లేకపోవడమే ముఖ్యం.

మేడ మీద పెట్టెలో పెట్టేవాళ్లకి ఒక జాగ్రత్త. ఏప్రిల్ ఎండకి మూసిన ప్లాస్టిక్ పెట్టె పొయ్యి అవుతుంది. 80 డిగ్రీలకి బోర్డు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. పైన నీడ, కింద గాలి రంధ్రాలు ఉండాలి. మా మనవడు విమానం చప్పుడు వినగానే "ఎక్కడిది తాతా?" అంటాడు. చెప్పగలిగితే నాకూ సంతోషం.

---

అనంత_అరుణ | సోమవారం, ఉదయం 9:50

మా ఊరి బడిలో, వికీపీడియాని నెట్ లేకుండా చూపించే కివిక్స్ పెట్టిన పై ఉంది, అనంతపురం దగ్గర. తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దొరుకుతుంది, 32 జీబీ కార్డులో ఇంకా చోటు మిగిలింది. పై తానే వైఫై ఇస్తుంది, నెట్ అక్కర్లేదు. పిల్లలు మొదట వాళ్ల ఊరి పేరు వెతికారు. ఉంది. ఆ రోజు పాఠం అదే.

---

కబ్బన్_కమల | సోమవారం, మధ్యాహ్నం 1:15

మధు గారూ, నాన్నగారు ఇంట్లోనే ఉంటారన్నారు, బాల్కనీ ఉందా? బర్డ్‌నెట్-పై చూడండి. కార్నెల్ పక్షి ప్రయోగశాల, జర్మనీలోని కెమ్నిట్స్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన బర్డ్‌నెట్ దాని అడుగున ఉంది. మైకు నుంచి శబ్దం తీసుకుని మూడేసి సెకన్ల ముక్కలుగా చూసి ఏ పిట్టో చెబుతుంది. మీ అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఈ ప్రాంతంలో ఈ వారంలో ఉండే పక్షులకే పరిమితమవుతుంది. 3బి ప్లస్ చాలు, 64-బిట్ లైట్ ఓఎస్ వేయండి. జీరో డబ్ల్యూ మీద నడవదు. మైకు వీధి వైపు కాకుండా చెట్టు వైపు తిప్పండి. మనుషుల మాటలున్న ముక్కలను పారేసే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేయండి, పక్కింటివాళ్ల మాటలు మనకెందుకు.

---

మధు_కగ్గదాసపుర | ఐదు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 8:45

అందరికీ బాకీ ఉన్నాను, చెప్పేస్తాను.

ఇల్లు మారాం. వచ్చిన మూడో రోజే ఓనర్ ఆంటీ "బాబూ, నువ్వు కంప్యూటర్ మనిషివి కదా, ట్యాంకు పొంగకుండా ఏమైనా చేయగలవా?" అన్నారు. సుబ్బు గారి పైపు ముక్క దాకా అంతా కాగితం మీద గీసుకున్నాను. తర్వాత పెద్దాయన గారి మాట గుర్తొచ్చి ఎస్పీ రోడ్డుకి వెళ్లి ఫ్లోట్ స్విచ్, బజర్, బ్యాటరీ తెచ్చాను. మొత్తం మూడొందల లోపు. ఆంటీ చాలా సంతోషించారు. "ఇంత సులువా!" అన్నారు. కొంచెం బాధేసింది.

3బి ప్లస్‌కి సరైన చార్జర్ కొన్నాను. మెరుపు గుర్తు పోయింది. బాల్కనీ ఎదురుగా వానచెట్టు ఉంది, అటు మైకు పెట్టి బర్డ్‌నెట్-పై వేశాను. నాన్నకి ఫోన్‌లో పేజీ తెరిచి ఇచ్చాను. మొదటి రోజు పెద్దగా పట్టించుకోలేదు. రెండో రోజు పొద్దున్నే ఐదున్నరకి నన్ను లేపి "ఇది తప్పు చెబుతోంది, అది గోరింక" అన్నారు. ఇప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టుకున్నారు. ఎడమవైపు యంత్రం చెప్పింది, కుడివైపు ఆయన చెప్పింది. కోకిల, రామచిలుక, తేనెపిట్ట దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. మా కుక్కర్ విజిల్‌కి యంత్రం ఒకసారి ఏదో గద్ద పేరు చెప్పింది, అది ఆయన ఎర్ర సిరాతో రాశారు. నిన్న "రోళ్లపాడులో మా చిన్నప్పుడు బట్టమేక పిట్టను చూశాను, దాని గొంతు దీనికి తెలుసా?" అని అడిగారు. చూసి చెప్తానన్నాను.

జానకి గారి లిబ్‌రాక్మ్ మాట కూడా పనికొచ్చింది. పక్షుల పేర్లు తెలుగులో రాసి రోజూ ఒక బొమ్మగా నాన్న ఫోన్‌కి పంపుతున్నాను, వత్తులు సరిగ్గా ఉన్నాయి.

జీరో డబ్ల్యూ మాత్రం కొత్త ఇంట్లో కొత్త సొరుగులోకి వెళ్లింది.

---

గుంటూరు_గిరి | ఆదివారం, ఉదయం 9:02

ఆ జీరో డబ్ల్యూ నాకు అమ్ముతావా అన్నా? భాస్కర్ అన్నట్టు రెండో పై-హోల్ పెడదామనుకుంటున్నా.

---

మధు_కగ్గదాసపుర | ఆదివారం, ఉదయం 9:04

లేదు గిరీ. దేనికో ఒకదానికి పనికొస్తుంది.